రోజుకు నలభై కిలోల ఉల్లిపాయలు కోస్తున్న తమ్ముడికి

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను తమ్ముడూ. ఇంటర్ అయ్యాక హైదరాబాద్ వచ్చి ఒక బిర్యానీ రెస్టారెంట్లో హెల్పర్‌గా చేరి అయిదు నెలలైంది, పొద్దున పదింటికి మొదలుపెడితే రాత్రి పన్నెండవుతోంది, చేసేది ఉల్లిపాయలు కోయడం, వెల్లుల్లి ఒలవడం, హండీలు తోమడం, జీతం పదమూడు వేలు, బుర్ర మొద్దుబారిపోతోంది, ఇంట్లో మాత్రం చెఫ్‌గా చేస్తున్నానని చెప్పాను, ఉండమంటారా మానేయమంటారా అని అడిగావు. చాలామంది "ఓపిక పట్టు, మేమందరం అలాగే పైకొచ్చాం" అని జవాబిచ్చారు. ఆ మాటతో నేను ఒప్పుకోను, అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను.

నేను 2002లో శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చి సికింద్రాబాద్ స్టేషన్లో దిగాను. అప్పటికి పద్దెనిమిదేళ్లు. మా ఊరాయన ఒకాయన తను పనిచేసే హోటల్లోనే క్లీనర్‌గా పెట్టించాడు. తర్వాత హెల్పర్, తర్వాత కర్రీ సెక్షన్, తర్వాత బిర్యానీ బట్టీ, ఇప్పుడు ముప్ఫై మంది పనిచేసే కిచెన్ చూసుకుంటున్నాను. అంటే హెల్పర్లని పెట్టుకునేది ఇప్పుడు నేనే, వాళ్లకి ఎంత ఇవ్వాలో ఓనరుతో మాట్లాడేదీ నేనే. రెండు వైపులా నిలబడ్డాను కాబట్టి చెబుతున్నా.

ముందు నీ జీతం లెక్క చూద్దాం, ఎందుకంటే ఇది ఎవరూ కూర్చుని వెయ్యరు. మధ్యాహ్నం మూడున్నర నుంచి ఆరింటి దాకా బ్రేక్ ఇస్తారన్నావు, అది తీసేస్తే రోజుకు పదకొండున్నర గంటలు. వారానికి ఒక సెలవు నిజంగా ఇస్తున్నారనుకుంటే నెలకు 26 రోజులు, మొత్తం 299 గంటలు. పదమూడు వేలని దాంతో భాగిస్తే గంటకు 43 రూపాయల చిల్లర. మీ దగ్గర చికెన్ బిర్యానీ ప్లేటు 300 అనుకుంటే ఆ ఒక్క ప్లేటు కొనడానికి నువ్వు ఏడు గంటలు ఉల్లిపాయలు కొయ్యాలి. రూమూ భోజనమూ వాళ్లదే కదా అంటారు, నిజమే, కానీ ఎనిమిది మంది ఒకే గదిలో ఒకే బాత్‌రూమ్‌తో ఉండే రూముకి ఎంత విలువ కట్టాలో నువ్వే చెప్పు. పైగా ఆ రెండున్నర గంటల బ్రేక్‌లో నువ్వు ఎక్కడికీ వెళ్లలేవు, ఎండలో బస్సెక్కి వెళ్లి వచ్చేసరికే అయిపోతుంది. బియ్యం బస్తాల మీద పడుకుంటావు. ఆ టైమ్ నీదీ కాదు, జీతంలోనూ లేదు.

ఈ లెక్క నిన్ను బాధపెట్టడానికి వెయ్యలేదు. బుర్ర మొద్దుబారడానికి నీలో లోపం వెతుక్కుంటున్నావు నీ ప్రశ్నలో, "నాకే ఏకాగ్రత లేదేమో" అని రాశావు. నీలో లోపమేమీ లేదు. పదకొండున్నర గంటలు ఒకే కదలిక చేస్తే ఎవరి బుర్రయినా అంతే.

అది ఎలా ఉంటుందో నాకు బాగా గుర్తు. మొదటి గంట మనసు ఎక్కడెక్కడో తిరుగుతుంది, పాటలు గుర్తుకొస్తాయి, నిన్న ఎవరో అన్న మాటకి ఇప్పుడు జవాబు దొరుకుతుంది. రెండో గంటకి ఇంటికెళ్తుంది, అప్పులు, చెల్లి ఫీజు, నాన్న మోకాళ్లు. మూడో గంటకి ఇంక ఏమీ ఉండదు. కళ్ల ముందు ఉల్లిపాయ ఉంటుంది, చెయ్యి ఆడుతుంది, మనిషి ఉండడు. రాత్రి పడుకున్నాక కూడా కుడి చెయ్యి కోస్తున్నట్టే ఉండేది నాకు. పక్కనున్న వాడు ఏదైనా అడిగితే అర్థం కావడానికి కాసేపు పట్టేది, నేను పొగరుగా ఉన్నానని అనుకునేవాళ్లు.

అయితే ఒకే పని మళ్లీ మళ్లీ చేయడం అంతా ఒకటి కాదు. ఇది అర్థమవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఉల్లిపాయనే తీసుకో. కిలోకి తొమ్మిదో పదో తూగుతాయి, నలభై కిలోలంటే దగ్గర దగ్గర నాలుగు వందల ఉల్లిపాయలు. ఒక్కోదానికి తల తియ్యి, తొక్క తియ్యి, రెండు చెక్కలు చెయ్యి, వేరు వైపు నుంచి తల వైపుకి నిలువుగా సన్నగా కొయ్యి. అడ్డంగా కోస్తే నూనెలో వేశాక తునిగిపోతుంది, నిలువుగా కోస్తే పోగు పోగుగా నిలబడుతుంది. ముక్క ఒకచోట సన్నం ఒకచోట లావు ఉందనుకో, సన్నది మాడి చేదెక్కేసరికి లావుది ఇంకా తెల్లగానే ఉంటుంది, ఆ చేదు హండీ అంతటికీ పాకుతుంది. బిరిస్తా, అంటే బిర్యానీలో వేసే వేయించిన ఉల్లి, రంగు చూసి తీసేవాడు ఇంకొంచెం వేగాలి అనిపించినప్పుడే తీసేయాలి, ఎందుకంటే జల్లెడలోకి వచ్చాక కూడా లోపలి వేడికి రంగు ముదురుతూనే ఉంటుంది, వెంటనే ట్రేలో పల్చగా ఆరబెట్టకపోతే మెత్తబడిపోతుంది. కొత్త ఉల్లి వచ్చిన రోజుల్లో నీరు ఎక్కువ, వేగడానికి టైమ్ పడుతుంది, వేగాక తరిగిపోతుంది, అంటే అదే హండీకి ఎక్కువ కొయ్యాలి. మలక్‌పేట మార్కెట్ నుంచి బస్తా దిగగానే ఒక ఉల్లిపాయ నొక్కి చూసి ఇవాళ ఎన్ని కిలోలు కొయ్యాలో చెప్పే ఉస్తాద్‌ని నేను చూశాను. ఆయన వేళ్లకి ఆ తెలివి నాలుగు వందలు, నాలుగు వందలు కోసి కోసే వచ్చింది.

కాబట్టి చేతికి పని నేర్పే మళ్లీ మళ్లీ ఒకటుంది. అది ఉల్లికి రెండు నెలలు, నిదానంగా నేర్చుకునేవాడికి మూడు. వెల్లుల్లి ఒలవడంలో వారం తర్వాత నేర్చుకోవడానికి ఏమీ లేదు. హండీ తోమడంలోనూ లేదు. చెయ్యి నేర్చేసుకున్నాక కూడా అదే మనిషిని అదే పీట మీద కూర్చోబెట్టారంటే ఇంక అది శిక్షణ కాదు, చవగ్గా దొరికాడని వాడుకోవడం. "నేర్చుకుంటున్నావు కదా" అని జీతం తగ్గించి ఇచ్చేవాళ్లు ఏడాది తర్వాత కూడా ఆ మాటే అంటారు. నేనూ ఆ మాట నమ్మి రెండున్నరేళ్లు గిన్నెల దగ్గరే ఉండిపోయాను. నాకు పాత్రలు తోమడం మొదటి పది రోజుల్లోనే వచ్చేసింది, మిగతా రెండేళ్ల చిల్లర ఎవరికి లాభమైందో ఇప్పుడు తెలుస్తోంది. "మేమూ అలాగే వచ్చాం" అనేవాళ్లకి నేను చెప్పేది ఒకటే, మనం పడ్డాం కాబట్టి పిల్లలూ పడాలనడం అన్యాయం.

ఇంకొక సంగతి. మా కిచెన్లో గిన్నెల దగ్గర ఇద్దరు అమ్మలున్నారు, ఇద్దరికీ యాభై దాటాయి, బోరబండ నుంచి వస్తారు, ఒకావిడ పదకొండేళ్లుగా అదే సింక్ దగ్గర. ఆవిడకి బిరిస్తా నేర్పుతాను, కర్రీ సెక్షన్‌కి రా అంటే నవ్వుతుంది. ఆవిడకి కావలసింది ఇంటికి ఏడింటికల్లా వెళ్లడం, చేతికి గ్లోవ్స్, నిలబడే చోట రబ్బరు మ్యాట్, పండక్కి కోత పడని జీతం. వంటింటి కష్టం గురించి మాట్లాడే ప్రతివాడూ "కష్టపడితే చెఫ్ అవుతావు" దగ్గర ఆగిపోతాడు. చెఫ్ అవ్వని వాళ్లు, అవ్వాలనుకోని వాళ్లు కూడా మనుషులే, తోమిన గిన్నె లేకపోతే ఏ చెఫ్ వంటా బయటికి రాదు. అందుకే జీతం, గంటలు అనేవి నువ్వు పైకెళ్తావా లేదా అన్నదానితో ముడిపెట్టకూడదు. అవి విడిగా అడగాల్సినవి.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతా. హోటళ్లకి వర్తించే 1988 నాటి షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం మన దగ్గర అమల్లో ఉంది, వారానికి 48 గంటలు దాటితే ఓవర్‌టైమ్‌కి రెట్టింపు కూలి ఇవ్వాలి, వారానికో రోజు సెలవు ఇవ్వాలి. పది మంది, అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట 21,000 లోపు జీతగాళ్లకి ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) ఉండాలి. నీ వాటా 0.75 శాతం, అంటే పదమూడు వేలకి వంద రూపాయలు కూడా కాదు, ఓనరు 3.25 శాతం కడతాడు. ఇరవై మంది, అంతకన్నా ఎక్కువ ఉంటే పీఎఫ్ కూడా. మీ కిచెన్లో, సర్వీస్‌లో, కౌంటర్లో కలిపి ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టు, కిచెన్ వాళ్లనే లెక్కేసి "మనది చిన్న హోటల్" అనడం మామూలే. నీ జీతంలో పీఎఫ్ కోస్తుంటే యూఏఎన్ నంబరు (పీఎఫ్ కోసం ఇచ్చే నంబరు) అడుగు, ప్రభుత్వం వాళ్ల ఉమంగ్ యాప్‌లో పాస్‌బుక్ తెరిస్తే నిజంగా కట్టారో లేదో కనిపిస్తుంది. ఓవర్‌టైమ్ గురించి మొదటి రోజే గొడవ పెట్టుకోమని అనను, ఒక్కడివే అడిగితే పంపించేస్తారు, ఆ భయం నిజమైనదే. కానీ ఈఎస్ఐ మాత్రం అడుగు. ఇంకో మాట, అడ్వాన్స్ తీసుకోకు. ఇరవై వేలు చేతిలో పెడితే ఇంటికి పంపాలనిపిస్తుంది, ఆ తర్వాత నువ్వు మానేయాలన్నా మానలేవు. ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగినా ఇవ్వకు.

ఈఎస్ఐ గురించి అంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, 2004లో గంజి వార్చేటప్పుడు తడి గుడ్డతో వేడి పాత్ర పట్టుకున్నాను. పొడి గుడ్డయితే వేడి ఆపుతుంది, తడి గుడ్డలో నీళ్లు ఆవిరై చేతికి కొడతాయి. పట్టు జారింది, గంజి ఎడమ ముంజేతి మీద పడింది. పక్కవాళ్లు ప్రేమతోనే పరిగెత్తుకొచ్చి టూత్‌పేస్ట్ రాశారు. గవర్నమెంట్ ఆస్పత్రిలో దాన్ని గీకి తీసేటప్పుడు పడ్డ బాధ కాలినప్పుడు కూడా పడలేదు. పందొమ్మిది రోజులు పనికి వెళ్లలేదు, ఆ పందొమ్మిది రోజుల జీతం ఆ హోటల్ వాళ్లు కోసేశారు. ఈఎస్ఐ ఉండి ఉంటే పనిలో తగిలిన దెబ్బకి, మూడు రోజులు పనిచేయలేకపోయినా సరే, జీతంలో చాలా భాగం ఈఎస్ఐ వాళ్లే ఇచ్చేవాళ్లు, సనత్‌నగర్ ఈఎస్ఐ ఆస్పత్రిలో చూపించుకునేవాణ్ని. కాలితే పంపు కింద ఇరవై నిమిషాలు పెట్టు, మామూలు చల్లటి నీళ్లు, ఐసు కాదు, పేస్టు కాదు, పిండి కాదు. కత్తి చెయ్యి జారితే పట్టుకోబోకు, కాళ్లు వెనక్కి తీసుకో. పచ్చిమిర్చి కోసే ముందు చేతికి నూనె రాసుకో. వేళ్ల సందుల్లో ఒరిసిపోయి ఎర్రగా అవుతున్నాయన్నావు, రాత్రి పడుకునే ముందు శుభ్రంగా కడిగి సందులన్నీ పొడిగా తుడువు, వారంలో తగ్గకపోతే డాక్టరుకి చూపించు, అది ముదిరితే ఉప్పు తగిలినా ప్రాణం పోతుంది. మొద్దు కత్తితో కొయ్యొద్దు. మొద్దు కత్తి ఉల్లిని కొయ్యదు, నలుపుతుంది, కళ్లు మండేది అందుకే, వేలు తెగేదీ అందుకే.

బుర్ర సంగతికి మళ్లీ వస్తా. 2005 రంజాన్‌లో నేను హలీం బట్టీ దగ్గర పనిచేశాను, మా హోటల్‌కి సెలవు పెట్టి రోజు కూలికి వెళ్లాను. గోధుమలూ మటనూ గంటల తరబడి ఉడికాక పెద్ద పెద్ద చెక్క రోకళ్లతో కొట్టాలి, ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, ఒకడి రోకలి లేచేసరికి ఇంకొకడిది పడాలి. భుజాలు విరిగిపోయే పని. ఉల్లి కోయడం కంటే పదింతలు కష్టం, అదీ మళ్లీ మళ్లీ చేసేదే. కానీ అక్కడ నాకు ఒక్కరోజు కూడా బుర్ర మొద్దుబారలేదు. ఎదురుగా ఉన్నవాడి ఊపిరి చూసుకుంటూ కొట్టాలి, వాడు అలిసిపోతే నేను ఆగాలి, నేను ఆగితే వాడు తిట్టేవాడు, ఇద్దరం నవ్వుకునేవాళ్లం. రంజాన్ అయిపోయి మళ్లీ వెనక గదిలో గోడవైపు తిరిగి ఉల్లి కోస్తుంటే అప్పుడు అర్థమైంది, నన్ను తినేసింది ఒంటరిగా కూర్చోవడమని. హైదరాబాద్ హలీంకి 2010లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, ఎంతో సంతోషించాను, అయితే ఆ ఏడాది కూడా రోకలి పట్టినవాళ్ల కూలి పెరిగినట్టు నేను వినలేదు.

అందుకే ఇప్పుడు మా కిచెన్లో ఉల్లి ఎవరూ ఒక్కరే కొయ్యరు. నలుగురు ఒక టేబుల్ చుట్టూ నిలబడి కోస్తారు, గంటన్నర దాటితే మనిషిని మారుస్తాం, వెల్లుల్లి ఒలిచినవాడు మధ్యాహ్నం తర్వాత గ్రేవీ దగ్గరికి వెళ్తాడు. పని ఆలస్యం కాలేదు, తెగిన వేళ్లు మాత్రం తగ్గాయి. ఎవరినీ "ఒరేయ్", "ఛోటూ" అని పిలవకూడదని కూడా పెట్టాను. ఒడిశా, బెంగాల్ కుర్రాళ్లున్నారు, పేరు పలకడం కష్టమైనా నేర్చుకుని పేరుతోనే పిలవాలి. రోజంతా పేరు వినబడని మనిషికి తను ఉన్నానో లేనో తెలియకుండా పోతుంది, ఇది నేను అనుభవించి చెబుతున్నా. మీ దగ్గర ఇవన్నీ నువ్వు మార్చలేవు, కానీ గోడవైపు కాకుండా మనుషుల వైపు తిరిగి కూర్చోవచ్చు, వెల్లుల్లి ఒలిచే ఇంకొకణ్ని నీ పక్కకి పిలుచుకోవచ్చు. ఇయర్‌ఫోన్స్ మాత్రం పెట్టుకోకు, "గరం, గరం" అని అరుస్తూ వెనక నుంచి ఎవరైనా సల సల కాగే నూనె తెస్తుంటే వినబడదు.

ఇంకొకటి, చిన్న నోట్‌బుక్ ఒకటి పెట్టుకో. ఈ సలహా నాకు ఎవరూ ఇవ్వలేదు, పిచ్చెక్కకుండా ఉండడానికి నేనే మొదలుపెట్టాను. ఇవాళ ఎన్ని కిలోల చికెన్ వచ్చింది, దానికి ఎంత ఉల్లి, ఎంత పెరుగు, ఎన్ని హండీలు వెళ్లాయి, ఎంత మిగిలింది, శుక్రవారం ఎంత, ఆదివారం ఎంత. రోజుకు అయిదు లైన్లు. ఎనిమిది నెలలు రాశాక ఒకసారి స్టోర్ చూసే ఆయన పెళ్లికి ఊరెళ్లాడు, మర్నాటి ఇండెంట్ (కావలసిన సరుకుల జాబితా) ఎవరు రాయాలని గొడవ పడుతుంటే నా నోట్‌బుక్ తీసి చూపించాను. ఆ వెంటనే ఏమీ జరగలేదు. రెండు నెలల తర్వాత మూడు వందలు పెంచి కర్రీ సెక్షన్‌కి పంపారు. నాకు జీతం కంటే ఆ లెక్కే ఎక్కువ ఉపయోగపడింది, కోసే ప్రతి బస్తా ఎక్కడికి పోతోందో తెలిశాక అదే పనిలో చూడ్డానికి ఏదో ఒకటి ఉండేది.

మానేయాలా వద్దా అన్నావు. ఇంకో మూడు నెలలు గడువు పెట్టుకో, క్యాలెండర్లో గీత గియ్యి. "అన్నా, వంట నేర్పు" అని అడగొద్దు, అలా అడిగే కుర్రాళ్లకి ఏం చెప్పాలో నాకే తెలియదు. "మాస్టర్, ఉల్లి నేను అరగంట ముందే అవగొడతా, ఆ అరగంట బిరిస్తా కడాయి దగ్గర నిలబడనివ్వండి" అని అడుగు. అది కాదనడం కష్టం, ఆయన పని తగ్గుతుంది కాబట్టి. ఆర్డర్ల రష్‌లో కాదు, స్విగ్గీ, జొమాటో మోతలు ఆగి ఆయన టీ తాగేటప్పుడు అడుగు. మూడు నెలలైనా పొయ్యి దగ్గరికి రానివ్వకపోతే ఇంకో కిచెన్ చూసుకో, ఈ మధ్య హెల్పర్ల కోసం వెతకని హోటల్ లేదు. ఆరేడుగురు పనిచేసే చిన్న మెస్‌లో అయితే వారం తిరక్కుండానే గరిటె చేతికొస్తుంది, కానీ అక్కడ పీఎఫ్, ఈఎస్ఐ ఉండవు, అది తెలుసుకునే వెళ్లు. ఇంటర్ పాసయ్యావు కాబట్టి ఒక సెలవు రోజు విద్యానగర్‌లో ఉన్న హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీ ఐహెచ్ఎంకి వెళ్లి ఫుడ్ ప్రొడక్షన్‌లో తక్కువ కాలం కోర్సులు ఈ ఏడాది ఏమున్నాయో అడిగి రా. నాకు కాగితం లేదు, పెద్ద హోటళ్లలో ఆ కాగితం లేక ఆగిపోయిన సందర్భాలు రెండున్నాయి.

వేరే పని దొరికితే, నీకు వంట మీద ఇష్టం లేదని తేలితే, వెళ్లిపో. తప్పేం లేదు. నాతో ఒకే రూములో పడుకున్న పదకొండు మందిలో వంటలో మిగిలింది నలుగురమే.

చివరగా ఇంట్లో చెఫ్ అని చెప్పిన సంగతి. నేను కూడా మా నాన్నకి "మాస్టర్‌గా చేస్తున్నా" అని రాశాను, అప్పుడు ఉత్తరాలే. 2003లో చెప్పాపెట్టకుండా వచ్చాడు. ఎవరో వెనక గుమ్మం నుంచి లోపలికి పంపించారు. నేను నేల మీద వెల్లుల్లి గుట్ట ముందు కూర్చుని ఉన్నాను, చేతులు నాని తెల్లగా పాలిపోయి ఉన్నాయి. ఆయన ఏమీ అడగలేదు. చెప్పులు విడిచి, ఉల్లి బస్తా మీద కూర్చుని, ఒక గడ్డ తీసుకుని చిదిపి ఒలవడం మొదలుపెట్టాడు. చాలాసేపటికి "ఇక్కడి వెల్లుల్లి రెబ్బ పెద్దదిరా, మన దగ్గర ఇంత ఉండదు" అన్నాడు. ఆ పూట స్టాఫ్ భోజనం, పప్పూ అన్నం, ఇద్దరం కలిసి తిన్నాం. ఆ తర్వాత ఇంటికి ఉత్తరం రాయడానికి నాకు భయం వేయలేదు.

నువ్వు మీ అమ్మకి ఈసారి ఫోన్ చేసినప్పుడు చెప్పెయ్. నలభై కిలోలు కోస్తున్నానని, వేళ్లు ఒరిసిపోయాయని, బిరిస్తా నేర్చుకోబోతున్నానని. మర్నాడు మధ్యాహ్నం మాస్టర్ టీ గ్లాసు పట్టుకుని వెనక గుమ్మం దగ్గరికి వచ్చినప్పుడు ఆ అరగంట మాట అడుగు.